చించిన చీటీ

"పాత చీటీ తెచ్చారా?" అని అడుగుతాను. తెచ్చే ఉంటారు. నాలుగు మడతలు పెట్టి పర్సులోనో, ఆధార్ కార్డు కవర్లోనో దాచి తెస్తారు. విప్పితే పైన రెండంగుళాలు ఉండవు. నా పేరు, దాని కింద 'మానసిక వైద్య నిపుణుడు' అన్న ముక్క, క్లినిక్ అడ్రసు అన్నీ పోయి ఉంటాయి. మందుల పేర్లు మాత్రం భద్రం. స్కేలు పెట్టి మరీ చింపినవాళ్లున్నారు. మందుల షాపు కౌంటర్ దగ్గర పక్కవాడి కన్ను పడకుండా ఈ జాగ్రత్త.

వాళ్లను చూసి నవ్వే హక్కు నాకు లేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా బోర్డు మీద 'నరాలు' అన్న మాట పెద్దక్షరాల్లో, 'మానసిక' అన్నది చిన్నక్షరాల్లో రాయించింది నేనే. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చామంటే ఇరుగుపొరుగు ఏమీ అనరు. మా ఊళ్లో చాలామంది గుంటూరు వెళ్లి చూపించుకుంటారు. గుంటూరు వాళ్లు బస్సెక్కి నా దగ్గరికొస్తారు. ఆర్టీసీకి లాభమే. అసలు ఏ డాక్టరు దగ్గరికీ పోనివాళ్లే ఎక్కువ. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. జబ్బును బట్టి అందులో 70 నుంచి 92 శాతం దాకా వైద్యం అందనివాళ్లే.

ఆర్టీసీ అంటే గుర్తొచ్చింది. నా దగ్గరికొచ్చే ఒక కండక్టరుకి బైపోలార్ జబ్బు. పదకొండేళ్లుగా లిథియం వాడుతున్నాడు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇచ్చి, ఆ రిపోర్టు పట్టుకుని వస్తాడు. ఓ రోజు బయట బల్ల మీద అతని పక్కన ఒక తల్లీ, డిగ్రీ చదివే కొడుకూ కూర్చున్నారు. కుర్రాడికి ఆ మధ్యే ఉన్మాదం వచ్చి తగ్గింది. వారం రోజులు నిద్రపోలేదు. బండి అమ్మేసి ఆ డబ్బులు దారినపోయేవాళ్లకి పంచేశాడు. "తగ్గిపోయిందిగా, ఇంకా ఈ బిళ్లలెందుకండీ, పెళ్లి కావాల్సిన పిల్లాడు" అని ఆవిడ గొడవ. రెండుసార్లు వివరంగా చెప్పాను. తలూపారు. ఆ తలూపడం నాకు తెలుసు.

తలుపు ఓరగా తీసి ఉంది. కండక్టరు గొంతు వినబడింది. "నేనూ అంతేనమ్మా. వారం రోజులు నిద్ర లేదు. టికెట్లు కొట్టకుండా బస్సు నిండా జనాన్ని ఎక్కించేశా. ఈ బస్సు నాదే, ఎక్కండి అన్నా. సస్పెండ్ చేశారు. నయమైందని మాత్రలు మానేశా, రెండోసారి వచ్చింది."

కుర్రాడు అప్పటిదాకా ఫోన్లోంచి తలెత్తలేదు. "మందులేసుకుంటే మొద్దుబారిపోతాం కదా అంకుల్?" అన్నాడు.

"చెయ్యి కాస్త వణుకుద్ది, చిల్లర లెక్కపెట్టేటప్పుడు. చూడు." చెయ్యి చాపి చూపించాడు. "లెక్క మాత్రం తప్పదు."

లిథియం ఉన్మాదానికి పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో రాసిన సంగతి నాకు తెలుసు. మోతాదు తెలుసు, మూత్రపిండాల పరీక్షలు తెలుసు. చెయ్యి చాపి చూపించడానికి నా దగ్గర ఆ చెయ్యి లేదు. మానసిక జబ్బుల మీద ఉన్న చిన్నచూపు గురించి లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ 2022లో తేల్చిందీ ఇదే. జబ్బుతో బతుకుతున్న మనుషులతో పరిచయాన్ని మించిన మందు ఆ చిన్నచూపుకి లేదంది. ఆ కమిషన్‌కి సారథ్యం వహించిన ఇద్దరిలో ఒకరైన చార్లీన్ సంకెల్‌కి స్కిజోఫ్రీనియా ఉంది.

2015లో నటి దీపికా పదుకోన్ తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పింది. మంచి పని. కానీ డిపో మేనేజరు ముందు నిలబడాల్సిన అవసరం ఆమెకు లేదు. పైగా కుంగుబాటు కథని జనం జాలిగా వింటారు, చెవిలో గొంతులు వినబడ్డాయంటే మాత్రం కుర్చీ జరుపుకుంటారు.

ఇది నాకు తెలిసొచ్చింది నా తప్పు వల్లే. ఒక ఏడాది అక్టోబర్ 10న, మానసిక ఆరోగ్య దినం నాడు, ఒక కాలేజీలో సభ. స్కిజోఫ్రీనియా నుంచి కోలుకుని ఉద్యోగం చేసుకుంటున్న ఒక టీచరు గారిని మాట్లాడమని నేనే ఒప్పించాను. ఐదు నిమిషాలు మాట్లాడారు. తనకు వినబడిన గొంతుల గురించి, వాటిని నిజమనుకుని అన్నం మానేసిన రోజుల గురించి. చప్పట్లు మోగాయి. ఎవరో వీడియో తీశారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి అది ఆమె చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్లింటికి చేరింది. "జాతకాలు కలవలేదట" అని కబురొచ్చింది.

ఆవిడ నన్నొక్క మాట అనలేదు. తర్వాత రివ్యూకి వచ్చినప్పుడు మాత్రం, "చెప్పినందుకు బాధ లేదు సర్. ఎవరికి చెబుతున్నానో నాకు తెలియలేదు, అంతే" అన్నారు.

వైద్యం చేసే డాక్టరు అడిగితే రోగి కాదనగలడా? ఈ ప్రశ్న ఆరోజు నాకు రాలేదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. ఆవిడ ఇష్టపడే మాట్లాడారు కాబట్టి చట్టం ప్రకారం నా తప్పేమీ లేదు. అది నాకు ఓదార్పు కాదు. ఈ వ్యాసం కోసం ఇద్దరినీ అడిగాను. కండక్టరు రాసుకోమన్నాడు, తన డిపో పేరు కూడా వేయమన్నాడు. నేనే వేయలేదు. టీచరు గారు ఊరు, సబ్జెక్టు తీసేయమన్నారు. తీసేశాను.

ఇప్పుడు ఎవర్నీ వేదిక ఎక్కమని అడగను. ఇంట్లో ఎవరికి తెలుసు అని మాత్రం అడుగుతాను. పెళ్లైన కొత్తలో మాత్రలు విటమిన్ డబ్బాలో పోసుకుని, అత్తగారు చూస్తుందని ఒక పూట మానేసి, తర్వాత రెండు పూటలూ మానేసి, మూడో నెలలో జబ్బు తిరగబెట్టి వచ్చే అమ్మాయిలు నాకు ఏటా కనబడతారు. వాళ్లకి కావాల్సింది వెయ్యిమంది శ్రోతలు కాదు. సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరుంటే ఆ డబ్బా మార్చే పనుండదు. ఎవరైనా మీతో అలా చెప్పుకుంటే వినండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

ఆ డిగ్రీ కుర్రాడు మొన్న రివ్యూకి వచ్చాడు. మాత్రలు మానలేదు, రక్తంలో లిథియం 0.7, ఉండాల్సినంతే ఉంది. చీటీ విప్పి చూశాను. పైభాగం లేదు.