పాదములకు తావు

ఆసనసుఖమును గూర్చి మాటలాడునప్పుడు లోకులు పీటను, దిండును, వీపునకు ఆనుడును తలంతురే గాని పాదములను తలంపరు. కూర్చున్న మనుష్యుని పాదము లెక్కడ నిలిచియున్నవో దానినిబట్టియే వాని మోకాలును, నడుమును, వెన్నును సుఖపడుటయో బాధపడుటయో జరుగుచుండును. ఎత్తైన బల్లమీద, కాళ్లు నేలకందక వ్రేలాడుచుండగా, గంటసేపు పాఠము వినవలసిన పసివానిని బడిపంతులైన ప్రతివాడును ఎరుగును. వాడు కదలుచున్నాడని మనము గద్దింతుము. వాని కాళ్లక్రింద నొక చిన్నపీట వేసి చూడుడు. ఆ కదలిక దానంతటదియే అణగును. పూర్వపు రాజులు సింహాసనముతోపాటు పాదపీఠమును గూడ చేయించుకొనుట వట్టి యాడంబరము కొరకు కాదని మా నమ్మకము.

నేటి మధ్యతరగతి సంసారికి సింహాసనము మోటారు సైకిలు. కూరగాయల సంచి మొదలు పెండ్లిప్రయాణము వరకు అతని సంసారమంతయు దానిమీదనే నడచుచున్నది. బండిని తయారుచేయువారు ముందు కూర్చున్నవానికి రెండు ఫుట్‌రెస్టులును, వెనుక కూర్చున్నవారికి రెండును అమర్చి యిత్తురు. ఊరిలో తిరుగుటకు అవి చాలును. కాని గంటలతరబడి పోవలసివచ్చినచో, మోకాలు ఒకే కోణమున వంగియుండి, మోకాటిచిప్ప పోటెత్తి, బండి దిగునప్పుడు కాలు మనది కానట్లుండును. ఈ బాధను తగ్గించుటకు పుట్టినవే హైవే పెగ్గులు. ఇంజనుకు ముందు ఇరుప్రక్కల వంగియుండు లెగ్‌గార్డు గొట్టమునకు క్లాంపుతో బిగించెడి చిన్న పాదపీఠములివి. అసలు ఫుట్‌రెస్టులకు ఇవి బదులు కావు. కాళ్లు చాపుకొనుటకు రెండవ తావు మాత్రమే. వందల మైళ్లు తిన్నగా సాగు మార్గములుగల అమెరికా దేశమున వీనికి ప్రచారము హెచ్చు. ఇప్పుడు మన దేశమునను బుల్లెట్టు వంటి బండ్లకు వీనిని బిగించుకొనువారు పెక్కురు కానవచ్చుచున్నారు.

మేము హైదరాబాదున ఉపాధ్యాయులము. మా అమ్మగారు విజయవాడలో నుందురు. నెలకొక పర్యాయము, రెండవ శనివారమున, మేమును మా గృహిణియు 65వ నంబరు జాతీయ రహదారిని బట్టి పోయివచ్చుచుందుము. దూరము రమారమి 270 కిలోమీటర్లు. సూర్యాపేట ఇంచుమించు నడిమార్గము. అచ్చట టీ త్రాగి, నడుము వాల్చి, మరల బయలుదేరుట మా యాచారము. నలుబదియైదేండ్లు దాటిన మా కుడిమోకాలు నకిరేకలు చేరునప్పటికే తన యునికిని తెలుపసాగినందున పెగ్గుల విచారణకు పూనుకొంటిమి. ఆ విచారణలో మాకు బోధపడిన సంగతులు మావంటి ఇతర గృహస్థులకును ఉపయోగపడునని యీ వ్రాత.

అంగడికి పోయినవానికి మొట్టమొదట కంటబడునది మెఱుగు. అద్దమువలె మెఱయునవి, నల్లనివి, అంచులు చెక్కినవి, చిత్రవిచిత్రములైన పెగ్గులు అచ్చట వ్రేలాడుచుండును. అంగడివాడు, "బండికి లుక్కు వస్తుంది సార్" అనును. కాని బండికి నొప్పి లేదు, నొప్పి మనకు. పతంజలి మహర్షి ఆసనమునకు స్థైర్యము, సుఖము అను రెండు లక్షణములను చెప్పియున్నాడు. అందు స్థైర్యము ముందు వచ్చుట గమనింపదగినది. నిలుకడలేని సుఖము ముప్పునకు త్రోవ. కావున పెగ్గు కదలకుండునా యని మొదట చూడవలయును. కాలికి హాయిగా నుండునా యని పిమ్మట చూడవలయును. కంటికింపుగా నుండునా యని తుదకు, తీరిక యున్నచో, చూడవచ్చును.

నిలుకడ యంతయు క్లాంపులో నున్నది. లెగ్‌గార్డు గొట్టముల లావు అన్ని బండ్లకు నొక్కటి కాదు. ఒక అంగుళపు గొట్టములును గలవు. ఒకటింబావు అంగుళపు గొట్టములును గలవు. లావు తెలిసికొనుటకు పనిముట్టు లేకున్నను కొదువలేదు. ఒక దారమును గొట్టము చుట్టు త్రిప్పి, ఆ పొడవును స్కేలుతో కొలిచినచో చాలును. అది 80 మిల్లీమీటర్లున్నచో గొట్టపు వ్యాసము ఇంచుమించు ఒక అంగుళము. 100 మిల్లీమీటర్లున్నచో ఒకటింబావు. ఎనిమిదవ తరగతి బాలుడు చేయదగిన లెక్క యిది. గొట్టముకంటె పెద్దదగు క్లాంపును కొని, రబ్బరు ముక్కలు కూరి బిగించినచో అది దుకాణము ముందర గట్టిగనే యుండును. నడిదారిలో కాలి బరువునకు గిరుక్కున తిరుగును. బిగించిన తరువాత నూరు కిలోమీటర్లు నడచి మరల నొకమారు బోల్టులను బిగించుట మంచిది. ఇంజను అదురునకు అవి సడలుట సహజము.

మడతపడని పెగ్గును కొనరాదు. బండి ఒరిగినప్పుడో పడినప్పుడో పెగ్గు నేలకు తగిలినచో అది పైకిని వెనుకకును ముడుచుకొనవలయును. ముడుచుకొననిది గడ్డపారవలె నేలనూని బండినే లేవనెత్తును. ఇంకొక మాట. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను బండిని మార్చుటకు హద్దులు పెట్టియున్నది. చట్రమును కోయుట, దానికి వెల్డింగు చేయించుట తగదు. బోల్టుతో బిగించి బోల్టుతో విప్పదగిన దానినే కోరుకొనవలయును; అదియు రవాణా శాఖవారి నడిగి బిగించుకొనుట మేలు.

ఇక సుఖమును గూర్చి. సన్నని గుండ్రని యినుపకడ్డీ పాదపు నడుమ ఒక్కచోటనే ఒత్తును. అరగంటలో అరికాలు తిమ్మిరెక్కును. వెడల్పుగా, పైన మెత్తని రబ్బరు గలదియైనచో భారము పరచుకొనును, ఒంటిసిలిండరు ఇంజను అదురును కొంత మ్రింగును. రబ్బరుమీద గాడులుండవలయును, లేనిచో వానలో చెప్పు జారును. మడమ వెనుక కానికగా చిన్న మెట్టున్నచో పిక్కకు శ్రమ తగ్గును.

ఎచ్చట బిగింపవలెనన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. దీనికి మిత్రుని బండి ప్రమాణము కాదు. మన కాలే ప్రమాణము. మేము బండిని సెంటరు స్టాండుమీద నిలిపి, మా గృహిణి వెనుకనుండి పట్టుకొనగా, ఎప్పటివలె హ్యాండిలు పట్టి కూర్చుంటిమి. కళ్లు మూసికొని కాళ్లు హాయిగా చాచి, అవి ఆగినచోట సుద్దముక్కతో గీత పెట్టించితిమి. మోకాలు పూర్తిగా తిన్నబడరాదు, కొంచెము వంపుండవలయును. తిన్నబడిన మోకాటికి కుదుపు తిన్నగా తగులును. మరీ ముందుకు చాచినచో దేహభారమంతయు వెన్ను తుదియెముకమీద పడును. పాదములు మనక్రింద నున్నప్పుడు గుంత కనబడినచో వానిపై భారముమోపి కొంచెము లేవవచ్చును. చాచియున్నప్పుడు లేవలేము, ఆ దెబ్బను వెన్నే భరింపవలయును. కావున పెగ్గు వలన కలుగు సుఖము కాళ్లు చాచియుండుటలో లేదు, చాచుట ముడుచుట మార్చుకొనుచుండుటలో నున్నది. గీత పెట్టిన పిమ్మట హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి ఏదియు తగులకుండుటయు చూచుకొంటిమి.

చదువరులు ఇచ్చట నొక చిన్నలెక్కను మనస్సున నుంచుకొందురుగాక. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 22 మీటర్లు పోవును. పెగ్గుమీది పాదము బ్రేకుమీదకు వచ్చుటకు అరసెకను పట్టినదనుకొందము. అంతలో బండి 11 మీటర్లు, అనగా మా తరగతిగది పొడవుకంటె ఎక్కువ, ముందుకు పోయియుండును. గేదె అడ్డము వచ్చినప్పుడు ఆ పదకొండు మీటర్లే బ్రతుకునకును చావునకును నడిమి దూరము కావచ్చును. అందుచే మేమొక నియమము పెట్టుకొంటిమి. తెరపిగా, తిన్నగా, పొడిగా ఉన్న దారిలో మాత్రమే పెగ్గులు. ఊరు, కూడలి, వంతెన, వాన, స్పీడు బ్రేకరు, చీకటి, ఇవి వచ్చినచో పాదములు బ్రేకునకును గేరునకును చేరువనుండు అసలు తావునకు రావలయును.

మా పాఠశాలలో నొక సహోపాధ్యాయుడున్నాడు. బాల్యమున పోలియో సోకి అతని యెడమకాలు చిక్కిపోయినది. దేశమున సహజ (వైల్డ్) పోలియో వైరసు వలన వ్యాధి కడపటిమారు కనబడినది 2011 జనవరిలో. 2014 మార్చిలో మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ధ్రువపడినది. మా విద్యార్థులకు అది పాఠ్యపుస్తకములోని మాట. మా తరమువారిలో పలువురికి అది నిత్యసహచరి. అతడు వెనుక రెండు ప్రక్కచక్రములు బిగించిన స్కూటరుమీద బడికి వచ్చును. మా పెగ్గులను చూచి, "మాస్టారూ, మీకు కాలు చాపుకోవాలని కోరిక. నాకు కాలు ఉన్నచోట ఉంటే చాలు" అనెను.

ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. మూడుచక్రముల బండి ఒరుగదు, ఆగినప్పుడు కాలు నేల మోపనక్కరలేదు; కావున పాదమును ఎల్లప్పుడును ఒకచోటనే ఉంచవచ్చును. కాని దాని వెనుకచక్రములు పాదమునకు సూటిగా వెనుక నుండును. ఫలకమునుండి పాదము జారి నేలబడినచో తన చక్రమే తన కాలిమీద ఎక్కును. అమెరికావారి పెద్ద ట్రైకులకును ఈ ప్రమాదము గలదు. మా మిత్రుని కాలికి స్పర్శ యున్నది గాని పట్టు లేదు. అతనికి కావలసినది ముందుకు చాచు పెగ్గు కాదు. వెలుపలి యంచు పైకి లేచి, మడమ వెనుక చిన్న గోడగల మెత్తని పాదపీఠము. అట్టిదానిని అతడు చేయించుకొన్నాడు. కాలిని పట్టెడతో కట్టుమని కొందరు సలహా యీయగా అతడు అంగీకరింపలేదు. బండి పడినప్పుడు కాలు వదలిరావలెను గదా! ఒకే పేరుగల వస్తువు ఒకనికి విశ్రాంతి, వేరొకనికి రక్షణ. ఎవరి కాలికి ఏమి కావలెనో ఆ కాలుగలవానినే అడుగవలయును.

ఇక మిగిలినది వెనుక కూర్చున్నవారి సంగతి. మన యిండ్లలో బండి కొనునప్పుడు రంగును గూర్చి పిల్లలను, ధరను గూర్చి మిత్రులను, ముహూర్తమును గూర్చి పురోహితుని అడుగుదుము. వెనుక కూర్చుండబోవు స్త్రీని, "నీ కాళ్లు అందుచున్నవా?" అని అడుగువా రరుదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది వెనుకవారికి పట్టుకొనుటకు పిడియు, పాదము మోపుటకు ఫుట్‌రెస్టును, బట్ట చక్రమున చిక్కకుండ సగము చక్రమునకు తక్కువకాని కాపును ఉండి తీరవలెనని విధించియున్నది. నిబంధన చేసినవారు తలంచిన దానిని గృహస్థులు తలంపకుండుట వింత.

మా పెగ్గులను బిగించిననాడు మా గృహిణి ఒక్కటే మాట యనెను: "మీ కాళ్లకు ఇప్పుడు నాలుగు చోట్లు. నా రెండు కాళ్లకూ కలిపి ఒక్కటి." చీరతో ఒకవైపునకు తిరిగి కూర్చున్న స్త్రీ పాదములు రెండును ఎడమప్రక్కనున్న ఒక్క రేకుమీదనే యుండును. నడుము ఒకవైపునకు, మొగము ఒకవైపునకు. బ్రేకు పడినప్పుడు మోకాళ్లతో పట్టుకొనుటకు లేదు. అట్లు అయిదుగంటలు కూర్చుండుట ఒక శిక్ష. మరునాడే ఆమెను బండిమీద ఇరువైపుల కాళ్లువేసి కూర్చుండబెట్టి కొలతలు తీసికొంటిమి. వెనుక ఫుట్‌రెస్టులు ఆమె కాలివ్రేళ్లకు మాత్రమే అందుచుండెను. అంతకంటె ఎత్తున నుండునట్టివి, వెడల్పైన రబ్బరుగలవి, కుడిమడమ సైలెన్సరునకు తగులనట్టివి ఆమెయే చూచి ఏరుకొనెను. ఊరిలో చీర కట్టుకొన్ననాటికై ప్రక్కరేకును ఉండనిచ్చితిమి.

విజయవాడలో మా అమ్మగారు కోడలు సల్వారు కమీజు తొడుగుకొని, హెల్మెట్టు పెట్టుకొని, మగవానివలె కూర్చుండి వచ్చుట చూచి నొచ్చుకొనిరి. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అనిరి. మా గృహిణి చెప్పులు విడుచుచు, "నలుగురూ చూసేది నిమిషం, అత్తయ్యా. నేను కూర్చునేది అయిదు గంటలు" అని బదులు చెప్పి కాఫీ పెట్టుటకు లోనికి పోయెను. అమ్మగారు మారుమాట పలుకలేదు. వారు సమ్మతించిరని మేము చెప్పజాలము. కాని ఆ సాయంత్రము కోడలు నడుము పట్టుకొనక, తైలము నడుగక, వంటయింట నిలువున నిలుచుండుట వారు చూచిరి. మరుదినము మేము బయలుదేరునప్పుడు, "చున్నీ చక్రంలో పడకుండా దోపుకో" అని మాత్రము చెప్పిరి.

పెగ్గుల జత ఒకటి కొనుటలో ఇంత విచార మెందుకని కొందరు నవ్వవచ్చును. సుఖమును విలాసమని నిందించుట మన పెద్దలకు అలవాటు. ఆ నింద తఱచుగా స్త్రీలమీదను బలహీనులమీదను పడుటయే మాకు సమ్మతము కాదు. అలసిన కాలు ఆలస్యముగా బ్రేకు తొక్కును. నొచ్చిన వెన్ను దారిని గమనింపనీయదు. నిలుకడతో కూడిన సుఖము అందరి ప్రాణరక్షణలో నొక భాగము. కావున దూరప్రయాణమునకు బండిని సిద్ధపరచు గృహస్థుడు అంగడికి పోకముందు, ఆ బండిమీద కూర్చుండువారి నందరిని ఒకసారి కూర్చుండబెట్టి, సుద్దముక్కను చేతబట్టి, ఒక్కొక్కరి పాదము ఎచ్చట ఆగుచున్నదో చూడవలెనని మా మనవి.