మన మొక్కజొన్నే మన ట్యాంకులో

రైతు అన్నలూ, నాది 2012 నాటి కారు. ఈ వానాకాలం పత్తి పనుల్లో పడి నెలన్నర బయటికి తియ్యలేదు. మొన్న రాత్రి అమ్మకు ఆయాసం వస్తే ఖమ్మం పోదామని తాళం తిప్పిన. స్టార్ట్ కాలే. పక్కింటోళ్ల ఆటోలో పోయినం. అమ్మ ఇప్పుడు బాగనే ఉంది.

తెల్లారి మెకానిక్ ట్యాంకు దించితే అడుగున నీళ్లు. మూత రబ్బరు పగిలి కొంచెం వాన దిగిందట. "ఉత్త పెట్రోలైతే నీళ్లే అడుగుకు దిగేవి. ఇప్పుడు ఇథనాల్ ఆ నీళ్లను పీల్చుకుని, ఎక్కువైతే దాంతో కలిసి కిందికి దిగుద్ది. పంపు దాన్నే గుంజుద్ది. పాత రబ్బరు పైపులు కూడా ఉబ్బుతయ్" అన్నడు.

2025 నుంచి బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇథనాల్ శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే, అందుకే మైలేజీ కొంత తగ్గుద్ది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లు దీనికి తట్టుకునేటట్టు చేస్తున్నరు. మనయి పాతయి.

తిడదామంటే నోరు రాదు. ఆ ఇథనాల్ చేసేది చెరకు, నూకలు, మన మొక్కజొన్నతోటే. పంటకు గిరాకీ కావాలె, ఇంజనూ బతకాలె.

అందుకే చెప్తున్న: కారైనా, మందు కొట్టే స్ప్రేయరైనా నెలల తరబడి పెట్రోల్ నిలవ ఉంచకండి. మూత, పైపులు చూపించుకోండి. అవసరం రాత్రి పూటే వస్తది.