పసిబిడ్డకు సెలైన్ గొట్టం - నర్సమ్మకు ఫోను పాఠం

"డాక్టరు గారూ! ఆ నర్సమ్మ ఎప్పుడు చూసినా ఫోనే చూస్తోందండీ!" అని తల్లులు నాతో ఫిర్యాదు చేస్తుంటారు. కొన్నిసార్లు ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. కాని ఈ రోజుల్లో నర్సుల పాఠాలు కూడా ఫోనులోకి వచ్చాయి. అందుకే ఈ వారం ఆ సంగతి చెబుతాను.

వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేర్చిన పసిబిడ్డకు చేతి నరంలో సన్నని ప్లాస్టిక్ గొట్టం పెడతారు. అదే కాన్యులా. సూదిని తీసేస్తారు, గొట్టం మాత్రమే లోపల ఉంటుంది. సెలైన్, మందులు దాని గుండానే వెళతాయి. శుభ్రత లోపిస్తే క్రిములు కూడా ఆ దారినే రక్తంలోకి చేరతాయి. పెద్దవాళ్ళయితే నొప్పి పుడితే చెబుతారు. ఆరు నెలల పాప ఏడవడం తప్ప ఏం చెప్పగలదు?

సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కాని కోదాడలోనో, మిర్యాలగూడలోనో చిన్న నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి శిక్షణ కోసం ఊరు విడిచి వెళ్ళడం తేలిక కాదు. ఆమెకు ఫోను పాఠం మేలు చేస్తుంది. అర్థం కాకపోతే పదిసార్లు చూడవచ్చు. కాన్పుల విషయంలో ఇలాంటి యాప్‌ను ఇథియోపియాలో పరీక్షించారు. అక్కడి సిబ్బందికి, ఊపిరి అందని శిశువును కాపాడే నైపుణ్యం పెరిగిందని 2016లో వెల్లడించారు.

గొట్టం విషయంలో నేర్చుకోవలసినవి చిన్న సంగతులే. చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోవాలి. మందు ఎక్కించే మూతిని ప్రతిసారీ స్పిరిట్ దూదితో రుద్ది, ఆరనివ్వాలి. అవసరం తీరగానే గొట్టం తీసేయాలి. అమెరికాలోని మిచిగన్‌లో పెద్ద నరాల్లో పెట్టే గొట్టాలకు ఇలాంటి ఐదు జాగ్రత్తలు తప్పకుండా పాటించారు. రక్తంలో చేరే ఇన్‌ఫెక్షన్లు 18 నెలల్లో 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రకటించారు. కొత్త మందేదీ వాడలేదు!

అయితే ఫోను పాఠం చెబుతుందే గాని, చేతులు కడగదు. పాఠం చూసిన నర్సు చేత పక్కనుండి చేయించి చూసే సీనియర్ సిస్టరు కావాలి. పైగా ఫోను మీద క్రిములుంటాయి. దాన్ని ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకోకుండా బిడ్డను తాకకూడదు. ఈ మాట నర్సులకే కాదు, తల్లిదండ్రులకూ వర్తిస్తుంది.

ఇక మీ వంతు. గొట్టం దగ్గర ఎరుపు, వాపు, తడి, చీము కనిపించినా, చెయ్యి గట్టిపడినా, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చినా, కొత్తగా జ్వరం, చలి వచ్చినా వెంటనే నర్సుకు చెప్పండి. తెల్లవారేదాకా ఆగవద్దు. మీరే పీకవద్దు. పసుపు, విభూతి వంటివి అద్దవద్దు. కట్టు తడవనివ్వవద్దు.

"అమ్మా, చేతులు కడుక్కున్నారా?" అని నర్సమ్మను మర్యాదగా అడగండి. మంచి నర్సు ఆ మాటకు నొచ్చుకోదు.