జరాసీంకు దుష్మన్

మా వడమాలపేటకు పుత్తూరు పక్కనే. చెయ్యి విరిగినా, కాలు విరిగినా కట్టు కోసం ఎక్కడెక్కడి వాళ్లో ఆ ఊరి దారి పడతారు. ఎముకకైతే ఇలాజ్ ఇంత దగ్గర్లో ఉంది. షుగర్ పుండు సంగతి వేరు.

మా చాచాకు పాదంలో పుండు. చీము కల్చర్ రిపోర్టులో మందుల పేర్లు వరుసగా ఉన్నాయి, అన్నిటి పక్కనా ఒకటే హర్ఫ్: ‘ఆర్’. రెసిస్టెంట్. ఆ దవాలేవీ ఆ జరాసీంను చంపలేవని అర్థం. రెండు వేళ్లు తీసేశారు. ‘పేపర్లో పనిచేస్తావు గదా బేటా, దునియాలో ఇంకే దవా లేదా?’ అని చాచీ అడిగింది.

ఉంది. వందేళ్ల నుంచీ ఉంది. గంగా, యమునా నీళ్లు కలరా జరాసీంను చంపుతున్నాయనీ, మరిగిస్తే ఆ తాకత్ పోతోందనీ 1896లో ఆగ్రాలో ఉన్న హాంకిన్ రాశాడు. 1917లో పారిస్‌లో డెరెల్ దానికి బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. బాక్టీరియాను తినే వైరస్ అన్నమాట. అది తన షికార్‌ను పట్టుకుని, తన డీఎన్‌ఏను లోపలికి దించుతుంది. కాసేపటికి ఆ బాక్టీరియా పగిలి, పదులూ వందలూ కొత్త ఫేజ్‌లు బయటికొస్తాయి.

‘వైరస్సా? కరోనా మాదిరా? తౌబా!’ అంది చాచీ.

కాదు. ఫేజ్ మన కణాల జోలికి రాదు. ముష్కిల్ ఏమంటే, ఒక్కో ఫేజ్‌కి ఒక్కో రకం జరాసీమే పడుతుంది. రోగి చీములోని దానికి సరిపోయేది వెతకాలి, తరచూ మురుగునీళ్లలోనే. పెన్సిలిన్ వచ్చాక ఈ తలనొప్పి ఎందుకని దునియా దాదాపు మర్చిపోయింది. జార్జియాలోని టిబిలిసీ మాత్రం మర్చిపోలేదు. అక్కడ 1923లో సంస్థ పెట్టిన ఎలియావాను 1937లో స్టాలిన్ సర్కార్ కాల్చి చంపింది, సంస్థ మాత్రం నేటికీ నడుస్తోంది. 2016లో అమెరికాలో టామ్ ప్యాటర్సన్ అనే ప్రొఫెసర్ ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని జరాసీంతో కోమాలో పడితే, సైంటిస్టయిన ఆయన బీవీ ఫేజ్‌ల కోసం ప్రపంచమంతా అడిగి తెప్పించింది. బతికాడు.

అలాంటి బీవీ, అలాంటి యూనివర్సిటీ ఉంటే సరే. వడమాలపేట మెడికల్ షాపులో ఫేజ్ దొరకదు. టిబిలిసీ వెళ్లాలంటే వీసా, టికెట్టు, వారాల బస. చాచా పొలం అమ్మినా చాలుతుందో లేదో.

చాచాకు ఆ జరాసీం ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరు. మొండి జరాసీంను మాత్రం మనమే సాకుతున్నాం. జలుబుకు రెండు మాత్రలు కొని మింగే ఆదత్ అందరికీ తెలిసిందే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో లెక్క చెప్పారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మాత్ర వేసుకున్న మనిషి నెత్తుట్లో కూడా అంత ఉండదు.