దూకడం

పోయిన సంవత్సరం ఒకరోజు రాత్రి బాగా పొద్దుపోయాక మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తను, ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి గ్వాడెలూప్ అనే కరీబియన్ దీవికి సెలవుకి పోయింది. ఫోను ఒక స్నేహితురాలి చేతికిచ్చి, పడవ అంచు మీద నీళ్ళకు వీపు పెట్టి కూచుంది. వీపున గాలి సిలిండరు, కళ్ళకు అద్దాలు. "అమ్మా, దూకుతున్నా చూడు" అని వెనక్కి ఒరిగి సముద్రంలో పడిపోయింది. ఆ తరవాత తెర మీద నురుగు తప్ప ఏమీ లేదు.

మార్కాపురంలో మా ఇంటి వరండాలో కూచున్న నాకు ఊపిరాడలేదు. పక్కనే మా అమ్మ. "ఏమాయె? ఏం చేస్తాంది పిల్ల?" అంది.

"దూకిందమ్మా" అన్నాను.

అమ్మ లేచి లోపలికి పోయి పడుకుంది. పొద్దున లేచాక కూడా చాలాసేపు నాతో మాట్లాడలేదు.

ఆ మాట అమ్మ ముందు అనకూడదని నాకు తెలియక కాదు. నోటికి వేరే మాట రాలేదు. మా వైపు 'దూకడం' అనే క్రియకు కర్త మగవాడైతే ఒక అర్థం, ఆడదైతే ఇంకో అర్థం. "వాడు బావిలో దూకినాడు" అంటే ఎండాకాలం సెలవల్లో ఈతకు పోయాడని. "ఆమె బావిలో దూకింది" అంటే ఇక ఎందుకు అని ఎవరూ అడగరు. చెప్పులు గట్టున ఉన్నాయా, పిల్లలు ఎంతమంది, చంకలో పిల్లను కూడా తీసుకుపోయిందా అని అడుగుతారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త. కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య. చిన్నప్పుడు ఆ వార్తలు చదివి చదివి, పెళ్ళయ్యాక ఆడవాళ్ళకు వచ్చే రోగం కాబోలు కడుపునొప్పి అనుకునేదాన్ని.

మా పిన్నికి కూడా 1983 మే నెలలో కడుపునొప్పే అని రాశారు. గిద్దలూరు దగ్గర పల్లెలో ఆమె అత్తవారిల్లు. ఇరవై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. అప్పుడు నాకు పదకొండు. అంతకుముందు ఎండాకాలం సెలవల్లో అమ్మమ్మ వాళ్ళ తోటబావిలో, నా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు రెండు కట్టి, తాడు పట్టుకుని నన్ను నీళ్ళలోకి దించింది ఈ పిన్నే. రెండు రోజులే నేర్పింది. మూడో రోజు బాబాయి వచ్చి తీసుకుపోయాడు. "వచ్చే ఎండాకాలం బుర్రలు లేకుండా ఈదిస్తా" అని చెప్పి పోయింది. ఆ తరవాత అమ్మ నన్ను ఏ బావి గట్టుకూ పోనియ్యలేదు. తమ్ముడు మాత్రం మోటారు కొట్టం మీదెక్కి దూకేవాడు. నేను గట్టుకు దూరంగా వాడి బట్టలు పట్టుకుని కూచునేదాన్ని.

అసలు మాది నీళ్ళతో ఆడుకునే సీమ కాదు. మార్కాపురం, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉందని బడి పిల్లలు కూడా చెబుతారు. గారపళ్ళు చూసి ఏ ఊరో చెప్పేవాళ్ళుండేవారు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు రెండూ తవ్వడం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. ఈ మధ్యకాలమంతా బోరింగు నుంచి ఇంటికి, ట్యాంకరు నుంచి ఇంటికి నీళ్ళు మోసింది ఆడవాళ్ళే. నాకు నీళ్ళంటే నెత్తి మీద బిందె బరువుగానే తెలుసు. నీళ్ళు మనిషిని మోస్తాయని ఆ రెండు రోజులు తెలిసింది, మళ్ళీ మర్చిపోయాను.

మర్నాడు మా అమ్మాయి ఫోను చేసి తన సెలవు కబుర్లు చెప్పింది. బూయాంత్ అనే ఊరి ఎదుట పిజన్ దీవుల చుట్టూ ఉన్న సముద్రానికి కుస్తో పేరు పెట్టి కాపాడుతున్నారట. పన్నెండు మీటర్ల లోతున ఆయన ప్రతిమ కూడా ఉంది, దాని మీద చేతులు వేసి వచ్చామంది. చేపల గురించి చెప్పినదానికన్నా తిండి గురించి ఎక్కువ చెప్పింది. "కొలంబో అని ఒక కూరమ్మా. మేకమాంసం. ధనియాలు, జీలకర్ర, పసుపు, ఆవాలు, మెంతులు. కళ్ళు మూసుకుని తింటే మన కూరే!" మన కూర అక్కడికి ఊరికే పోలేదు. 1848లో ఫ్రెంచివాళ్ళు బానిసత్వం రద్దు చేశాక చెరుకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. 1854 డిసెంబరులో ఒరేలి అనే ఓడలో మొదటి విడత భారతీయ కూలీలు ఆ దీవిలో దిగారు. తరవాత ముప్ఫై అయిదేళ్ళలో నలభై వేలకు పైగా పోయారు. ఎక్కువమంది మన దక్షిణాది వాళ్ళే. మారియమ్మ కొలుపులు అక్కడ ఇప్పటికీ జరుగుతాయి. ఓడల్లో ఆడవాళ్ళూ పోయారు. ఆ మసాలా నూరిన చేతులు వాళ్ళవే అయ్యుంటాయి. వాళ్ళ ఊళ్ళలో వాళ్ళ గురించి చివరికి ఏమని చెప్పుకున్నారో.

అక్కడి ఆడవాళ్ళు పండగలకు తలకు కట్టుకునే గళ్ళ గుడ్డ పేరు 'మద్రాస్'. మా జిల్లాలోనే ఉండిన చీరాలలో ఇట్లాంటి గళ్ళ రుమాళ్ళు నేసి విదేశాలకు పంపేవాళ్ళు. ఆ కట్టులో ఎన్ని కొసలు పైకి నిలబెట్టారన్నదానికి లెక్క ఉందట. ఒక కొస ఉంటే మనసు ఖాళీగా ఉన్నట్టు, మూడుంటే పెళ్ళయినట్టు. మా అమ్మాయికి అది గొప్ప కళగా తోచింది. అమ్మ వింటూ, "మనకు తాళీ మెట్టెలూ లేవా ఏంది, ఆడదాన్ని దూరం నించే లెక్కేసుకోనీకె" అంది. ఆ వీడియో తరవాత అమ్మ నోరు తెరవడం అదే మొదలు.

సంక్రాంతికి మా అమ్మాయి రెండు వారాలు ఉండేటట్టు వచ్చింది. వచ్చిన రెండో రోజే, "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడైనా సెలవుకి పోయినావా?" అని అడిగింది. అమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. పుట్టింటికి పోయేదాన్ని అంది. పుట్టింట్లో ఏం చేసేదానివంటే, "ఏం చేస్తాం, వదినకు వంటలో సాయం" అంది. సరే, ముగ్గురం ఒక సెలవు పోదామనుకున్నాం. దూరం పోలేదు. మార్కాపురంలో పలకలు, కంభం చెరువు, ఆ చెరువు కింద పల్లెలో మా పెద్దమ్మ కూతురు ఇల్లు. అంతే.

పలకల గురించి బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు కానీ, దేశంలో ఎన్నో బళ్ళలో పిల్లలు మా ఊరి రాతి మీదే అ, ఆలు దిద్దారు. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి ఆ గిరాకీ పోయింది. ఇప్పుడు ఆ రాయి గోడలకూ నేలకూ అలంకారంగా పోతుంది. మేము పోయిన షెడ్డులో ఆడవాళ్ళు నేల మీద కూచుని బండల అంచులు చెక్కుతున్నారు. చీరెలు, కనుబొమలు అన్నీ బూడిదరంగు దుమ్ము. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో బలపాల కార్మికుల చావులు ఏనాడో చెప్పాయి. ఇక్కడ చాలామందికి ముక్కుకు కట్టుకున్నది కొంగే. ఒకామె పక్కన విరిగిన నల్లబండ మీద మేకుతో గీసిన ముగ్గు ఉంది. పద్మాలు, వాటి చుట్టూ తీగె, ఎక్కడా చేయి తెగకుండా. అన్నం టైములో గీసిందట. మా అమ్మాయి కొంటానంటే, "ఇరిగిపోయిన రాయికి దుడ్లేందమ్మా, తీస్కపో" అంది. ఎంత చెప్పినా తీసుకోలేదు. ఆ దీవిలో ఇంతకన్నా చిన్న బొమ్మకు ఎన్ని యూరోలు ఇచ్చిందో మా అమ్మాయి దారంతా చెబుతూనే ఉంది.

కంభం చెరువు కట్ట మీద నిలబడితే నల్లమల కొండలు నీళ్ళలోకి దిగినట్టుంటాయి. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య గండిని మూసి కట్టారు. చెరువు నిండితే దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు. 2020లో దీనికి అంతర్జాతీయ సాగునీటి సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా ఇచ్చింది. దీన్ని కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెబుతారు. కృష్ణరాయలు గజపతిని ఓడించాక సంధిలో భాగంగా వచ్చిన పిల్ల. రాజు ఆదరించక, ఆ గజపతి రాకుమార్తె ఈ కంభంలో దూరంగా బతికిందనీ, 'తుక్కా పంచకం' అనే అయిదు సంస్కృత శ్లోకాలు చెప్పిందనీ కూడా అంటారు. వనమంతా తిరిగి సంపెంగ దగ్గరికి మాత్రం రాని తుమ్మెద గురించి వాటిలో ఉంది. సాహిత్య చరిత్రల్లో ఆమెను విరహిణిగానే చదివాను. కట్ట మీద నిలబడితే అట్లా అనిపించలేదు. మొగుడు వదిలేసిన మనిషి వానల లెక్కా వాలు లెక్కా చూసుకుని ఇంత నీటిని ఆపిందంటే, రోజంతా తుమ్మెద కోసం ఎదురు చూస్తూ కూచుని ఉండదు. కథ నిజమైతేనే అనుకోండి.

మా అక్క ఇంట్లో ఆ మధ్యాహ్నం జొన్నరొట్టెలు, వేరుశనగ పచ్చడి, రాగి సంగటి, చెరువు చేపల పులుసు, తరవాత నన్నారి షర్బత్. రొట్టెను కర్రతో ఒత్తకుండా అరచేతితో తట్టి తట్టి పెనమంత చేస్తుంది. అంచు ఎక్కడా చీలదు. జొన్నపిండికి జిగురుండదు. నీళ్ళు ఎంత వేడిగా పోయాలో, ఎంతసేపు పిసకాలో చేతికి తెలియాలి. మా అమ్మాయి మూడు చేసింది, మూడూ మూడు దేశాల పటాలయ్యాయి. బావ, మరిది, వాళ్ళ కొడుకులు తిన్నాక మేము, మేము తిన్నాక అక్క. పొద్దున నాలుగున్నరకు లేచిందట. మా సెలవులో అక్కకు సెలవు లేదని మూడో రొట్టె తింటున్నప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం అక్క వాళ్ళ పొలంబావి దగ్గరికి పోయాం. చెరువు నిండిన సంవత్సరం గనుక బావి కూడా పైమెట్ల దాకా ఉంది. మా అమ్మాయి చూడగానే దిగింది. ఈసారి 'దూకుతా' అనలేదు. నడిచి దిగింది. "అమ్మా, నువ్వూ రా" అంది. యాభై మూడేళ్ళు, పంజాబీ డ్రస్సు. అక్క మగవాళ్ళెవరూ మోటారు వైపు రావద్దని కేకేసి, అయిదు లీటర్ల నూనె డబ్బాలు రెండు మూతలు బిగించి తెచ్చింది. సొరకాయ బుర్రల కాలం పోయింది.

అమ్మ అంతవరకు దూరంగా చింతచెట్టు కింద కూచుని ఉంది. వద్దంటుందనుకున్నాను. మెల్లగా మెట్టు మెట్టూ దిగి వచ్చి, పైమెట్టు మీద కూచుంది.

"దానికి ఈతొచ్చు" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. మా అమ్మాయి గురించి అంటుందనుకున్నాను.

"నా కంటే బాగా ఈదేది. మునిగి అడుగున రాయి తెచ్చేది. ఈతొచ్చిన మనిషి నడుముల్లోతు నీళ్ళల్లో ఎట్ల చస్తదే?"

మే నెల. గిద్దలూరు వైపు బావుల్లో ఆ ఏడు నడుములోతు నీళ్ళే ఉన్నాయని నాకు తెలియదు. అమ్మకు తెలుసు. శవాన్ని చూసింది అమ్మే. మెడ దగ్గర కమిలి ఉందని అప్పుడే మా తాతకు చెప్పిందట. తాత, కేసంటే ఇద్దరు పిల్లల గతేంది, ఇంట్లో ఇంకో ఆడపిల్ల పెళ్ళికి ఉంది అన్నాడట. కడుపునొప్పి అని రాసిన కాగితం మీద ఆయనే వేలిముద్ర వేశాడు. భర్త, అత్తవారి క్రూరత్వాన్ని నేరమన్న 498ఎ సెక్షను వచ్చింది ఆ సంవత్సరం డిసెంబరులో. పెళ్ళయిన ఏడేళ్ళ లోపు చనిపోయిన ఆడవాళ్ళ శవపరీక్ష గురించి గట్టి నియమమూ ఆ సవరణతోనే. వరకట్న మరణాన్ని వేరే నేరంగా చెప్పిన 304బి 1986లో. మా పిన్నికి ఇవేవీ అందలేదు. అంది ఉంటే తాత వేలిముద్ర ఆగేదా అంటే, ఆగేదని నేను చెప్పలేను.

నలభై ఏళ్ళకు పైగా అమ్మ నన్ను నీళ్ళకు దూరంగా ఉంచింది నీళ్ళకు భయపడి అనుకుంటూ వచ్చాను. "నన్నెందుకు నేర్చుకోనియ్యలేదు మరి?" అని అడిగాను.

"దానికి వచ్చి ఏం లాభమాయె" అంది.

మా అమ్మాయి నీళ్ళలో కదలకుండా నిలబడి వింటోంది. అక్క నా నడుముకు డబ్బాలు కట్టి, తాడు రెండో కొస ఎవరికివ్వాలా అని చూసింది. అమ్మ చెయ్యి చాపి తీసుకుంది. రెండు చుట్లు చేతికి చుట్టుకుంది.

కళ్ళు మూసుకుని మూడో మెట్టు మీద నుంచి దూకాను. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్ళు. డబ్బాలు పైకి లాగాయి. తల బయటకు వచ్చేసరికి అక్క నవ్వుతోంది, మా అమ్మాయి ఏదో అరుస్తోంది. నేను చేతులు ఒకటే కొడుతున్నాను, ఉన్న చోటే ఉన్నాను.

"కాళ్ళు, కాళ్ళాడించు" అంది అమ్మ తాడు బిగబట్టి. "మీ పిన్ని చెప్పలేదా ఏంది నీకు?"