ఐదు వందల మైళ్ల మే నెల

11 మే 2025, ఇండియానాపొలిస్

ఈ ఊళ్లో మే నెలంటే ఎండలు కాదు, కార్లు. అబ్బాయి వాళ్ల వీధిలో సగం ఇళ్ల ముందు నలుపు తెలుపు గళ్ల జెండాలే. 25న ‘ఇండీ 500’ కార్ల పందెం. రెండున్నర మైళ్ల ట్రాకు మీద 200 చుట్లు, 33 కార్లు. చక్రాలకు మూతల్లేని, ఒక్కరే పట్టే బళ్లు.

14 మే

ట్రాకు లోపలే ఉన్న మ్యూజియానికి వెళ్లాం. 1911 మే 30న మొదటి పందెం గెలిచిన రే హారూన్ కారు, ‘మార్మన్ వాస్ప్’. పసుప్పచ్చగా ఉంది, తోక మొనదేలి ఉంది, నంబరు 32. మిగతా కార్లలో పక్కన ఒక మెకానిక్ కూర్చుని వెనక ఎవరొస్తున్నారో చెప్పేవాడు. హారూన్ ఒంటరిగా వచ్చాడు. ప్రమాదమని తక్కినవాళ్లు గొడవ పెడితే స్టీరింగు పైన కడ్డీలు నిలబెట్టి ఒక అద్దం బిగించాడు. దాంతోనే 6 గంటల 42 నిమిషాలు, సగటున గంటకు 74.6 మైళ్లు. ఆ కుదుపులకి అద్దంలో ఏదీ సరిగ్గా కనిపించలేదని తర్వాత తనే చెప్పాడట. గొడవ పెట్టినవాళ్ల నోరు మూయించడానికైతే సరిపోయింది.

15 మే

ఆ కుదుపులు ఇటుకలవి. 1909 ఆగస్టులో కార్ల పందేలు మొదలుపెట్టినప్పుడు ఈ ట్రాకు కంకర, తారు. పందేల్లో అది పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. మూడు రోజుల్లో అయిదుగురు పోయారు: ఒక డ్రైవరు, ఇద్దరు మెకానిక్‌లు, ఇద్దరు ప్రేక్షకులు. యజమాని కార్ల్ ఫిషర్, ఆయన భాగస్వాములు ఆ ఏడాది చివరికల్లా 32 లక్షల ఇటుకలు పరిపించారు. ఇప్పుడంతా తారే, పందెం మొదలై ముగిసే గీత దగ్గర గజం వెడల్పున మాత్రం ఇటుకలు ఉంచారు. గెలిచినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని వాటిని ముద్దుపెట్టుకుంటారు. ఆ అలవాటు ఈ పందెంలో పుట్టింది కాదు. 1996లో ఇక్కడే జరిగిన నాస్‌కార్ అనే వేరే కార్ల పందెం గెలిచి డేల్ జారెట్ మొదలుపెట్టాడు.

18 మే

మొదటి వరసలో మొదటి చోటు రాబర్ట్ ష్వార్ట్‌జ్‌మన్‌కి. కొత్త కుర్రాడు. మొదటిసారి వచ్చినవాడికి ఆ చోటు దక్కడం 1983లో తేయో ఫాబీ తర్వాత ఇదే.

20 మే

“ఓడిపోయినవాళ్ల కథ చెప్పు తాతయ్యా” అన్నాడు మనవడు. 1912, రాల్ఫ్ డిపాల్మా. 200 చుట్లలో 196 ఇతనే ముందు. ఇక అయిపోవచ్చిందనగా ఇంజన్ చెడింది. మెకానిక్ జెఫ్‌కిన్స్, తనూ దిగి కారును తోసుకుంటూ వచ్చారు. గెలిచిన జో డాసన్ ముందున్నది చివరి రెండు చుట్లే. డిపాల్మా మూడేళ్ల తర్వాత, 1915లో గెలిచాడు. “అయితే ఓడిపోలేదు కదా” అని పెదవి విరిచాడు మావాడు.

22 మే

1953, 54 వరసగా గెలిచిన బిల్ వుకోవిచ్, 55లో ముందు పరిగెడుతూనే పోయాడు. 1964లో రెండో చుట్టులోనే పెట్రోలు మంటల్లో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ ఇద్దరూ. మరుసటి ఏడాది నుంచి కార్లు పెట్రోలు వదిలి మెథనాల్‌కి మారాయి. అది నీళ్లతో ఆరుతుంది. కానీ పగటి వెలుతురులో దాని మంట కనిపించదు. 1981లో ఇంధనం నింపుకునే పిట్‌లో డ్రైవరు రిక్ మియర్స్ ఒంటికి నిప్పంటుకుంటే, చూసేవాళ్లకి మనిషి ఊరికే చేతులు విదిలిస్తున్నట్టుంది. 2002లో గోడలకి ఉక్కు గొట్టాలు, వాటి వెనక నురగ దిమ్మెలు వచ్చాయి. ఇక్కడ నాకు అర్థమైంది ఒకటే: గెలుపుల్ని ఆచారాలుగా దాచుకున్నారు, చావుల్ని నిబంధనలుగా.

24 మే

గెలిచినవాళ్లు పాలు తాగే సంగతి. 1936లో మూడోసారి గెలిచిన లూయీ మేయర్ దాహమేసి మజ్జిగ తాగాడు. పేపర్లో ఆ ఫొటో చూసిన పాల వ్యాపారి ఒకాయన ఊరుకోలేదు, గెలిచినవాళ్లకి పాలు ఇప్పించడం మొదలుపెట్టాడు. 1956 నుంచి విడవకుండా విజేతకు పాల సీసా. ఏ పాలు కావాలో డ్రైవర్లందర్నీ ముందే అడిగి రాసుకుంటారు. 1993లో గెలిచిన ఫిట్టిపాల్డీ ముందు నారింజరసం తాగాడు, అతనికి బ్రెజిల్‌లో నారింజ తోటలున్నాయి మరి. జనం గోల చేశారు.

“మజ్జిగా! మన గుంటూరు వైపు వాడేమో చూడండి మావయ్యగారూ” అంది కోడలు.

25 మే

ఈ ఊళ్లో మామూలుగా పందెం టీవీలో లైవ్ రాదు, జనం రేడియో పెట్టుకుంటారు. ఈసారి సీట్లన్నీ అమ్ముడుపోయాయని లైవ్ ఇచ్చారు. ముందు వాన. ఆ తర్వాత పందెం మొదలవకముందే, టైర్లు వేడెక్కించుకుంటూ మెక్‌లాఫ్లిన్ అనే డ్రైవరు గోడకు కొట్టుకున్నాడు. ఇంకా పద్నాలుగు చుట్లుండగా అలెక్స్ పాలో ముందున్న ఎరిక్సన్‌ను దాటేసి చివరిదాకా చోటివ్వలేదు. ఈ పందెం గెలిచిన మొదటి స్పెయిన్ వాడు. పాలు తాగాడు, మిగిలినవి నెత్తిన పోసుకున్నాడు.

26 మే

ఈ పందెం వెండి కప్పు మీద విజేతలందరి ముఖాలూ చెక్కుతారు. బంగారు ముఖం ఒక్కటే, అదీ డ్రైవరుది కాదు. యుద్ధకాలంలో పిచ్చిమొక్కలు మొలిచిన ట్రాకును 1945లో కొని నిలబెట్టిన టోనీ హల్మన్‌ది. ఎరిక్సన్ ముఖం 2022 గెలుపుతోనే అక్కడుంది.

నిన్న రెండో స్థానంలో వచ్చిన అతని కారులో అనుమతి లేని మార్పులు దొరికాయని ఇవాళ 31వ స్థానానికి దించారు. పందెం నిన్ననే అయిపోయింది, రూలు పుస్తకానికి మాత్రం సెలవు లేదు.