కదురు నేర్పిన పాఠము



నేను పుట్టినింట తండ్రిగారియొద్ద అమరము, భారతము చదువుకొన్నదానను. మావారు విజయనగరమున ఉపాధ్యాయులు. యంత్రములనిన నాకు చిరకాలము భయమే. మీట నొక్కిన తిరుగును, తిరుగకున్న మగవారిని పిలువవలెను. నా యెరుక ఇంతియే. అది మారిన విధమును మీతో చెప్పుకొనగోరుదును.

గత వేసవిలో మా యింట పిండి రుబ్బు గ్రైండరును నడిపినప్పుడెల్ల ఫ్యూజు తీగ తెగుచుండెను. మా బంధువొకరు విసిగి, "ఇక తెగదు చూడుము" అని లావుపాటి రాగితీగను చుట్టిపోయిరి. నిజముగనే తెగలేదు. నాల్గవ దినమున రాయి యిరుకుకొని మోటారు నిలిచిపోయెను. తిరుగలేక నిలిచిన మోటారు మఱింత కరెంటును లాగును. తెగవలసిన తీగ తెగలేదు. గోడలోని తీగల పైతొడుగు మాడి పొగ లేచెను. ఆ గోడ ప్రక్కనే మా చిన్నవాడు నిద్రించుచుండెను. మా పెద్దమ్మాయి పరుగున వచ్చి మెయిను స్విచ్చి నార్పకున్నచో ఏమి జరిగియుండెడిదో తలచుకొనిన నేటికిని నా యొడలు కంపించును.

ఆ పిల్ల పదవ తరగతి ముగించి, పాలిటెక్నిక్‌లో యంత్రవిద్య చదివెదనని పట్టుబట్టుచుండెను. "ఆడపిల్లకు ఇనుప పనియా?" అని మా అత్తగారు. మావారిది మౌనము. నేనును లోలోపల అత్తగారి పక్షమే. ఆ సాయంకాలము పిల్ల నన్ను కూర్చుండబెట్టి చెప్పినది: "అమ్మా, తగరము 232 డిగ్రీల వేడికే కరగును. రాగి కరగుటకు 1085 డిగ్రీలు కావలెను. మన యింటి కరెంటు 230 వోల్టులు. 5 ఆంపియర్ల తీగ యనగా ఇంచుమించు 1150 వాట్ల బరువునకు తగినది. అంతకు మిక్కిలి మించినచో తాను కరగి యింటిని కాపాడును. తెగుట దాని దోషము కాదు, దాని ధర్మము."

కొన్ని దినములకు పినతల్లిగారిని చూచుటకు పొందూరు పోతిమి. చీపురుపల్లి, సిగడాము దాటిన పిమ్మట వచ్చు ఆ స్టేషను మీలో పెక్కురెరుగుదురు. అచ్చటి సన్నఖద్దరు లోకప్రసిద్ధము. పొరుగింట నొక వృద్ధురాలు పని చేసికొనుచుండెను. ప్రత్తిని వాలుగచేప దవడతో దువ్వుచుండెను. ఆ పండ్లు సన్ననివి, నునుపైనవి. పోగును తెంపక చక్కబరచును. పిదప ఆమె రాట్నము ముందు కూర్చుండెను. మా పిల్ల ప్రక్కనే చేరి లెక్క చెప్పసాగెను. చక్రము అడ్డుకొలత 24 అంగుళములు, కదురుపై త్రాడు తిరుగుచోటు అర అంగుళము అనుకొందము. చక్రమొకమారు తిరిగిన కదురు 48 మారులు తిరుగును. చక్రము పుల్లీ, త్రాడు బెల్టు, కదురు షాఫ్టు, కదురు నానించిన చోటు బేరింగు! ఏ పేరులు నాకు అమరమున కానరాలేదో, ఆ వస్తువులన్నియు నాకు పసితనము నుండి యెరుకైనవే.

"మామ్మా, ఇనుపకదురును మెత్తనిదానికేల ఆనించినారు?" అని పిల్ల యడిగెను. ముసలమ్మ నవ్వి, "మెత్తంది అరిగితే మార్సుకుంతాం తల్లీ. కదురే అరిగిపోతే యేటి సేత్తాం?" అనెను.

ఈ విద్య మూలము నాకు అప్పుడు బోధపడినది. రాచుకొను రెంటిలో ఏది అరుగవలెనో ముందుగనే యోచించి, సులభముగ దొరకుదానిని అచ్చట పెట్టుదురు. మన మిక్సీ మోటారులో రాగిబిళ్లలపై బొగ్గుముక్కలు రాచుకొనును. బొగ్గు అరుగును, రాగి నిలుచును. తరిమెనపై లోహమును చెక్కునప్పుడు మాత్రము ఉలియే గట్టిదిగ నుండవలెను. ఎచ్చట మెత్తన, ఎచ్చట గట్టి యన్న వివేకమే యంత్రవిద్య.

మఱి సంసారమున? అచ్చట అరుగవలసినది ఎవరో మనము యోచింపకయే నిర్ణయించుచున్నాము. ఖర్చు తగ్గింపవలెనన్న ఆడపిల్ల చదువు, మాట వచ్చిన ఆడపిల్ల కోరిక. ఇల్లు నిలుచుటకై నేనును నా కూతురినే మెత్తని ముక్కగ నెంచితిని గదా యని సిగ్గుపడితిని.

తిరిగివచ్చి అత్తగారితో ముసలమ్మ మాట చెప్పితిని. ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు, "వంకరపోయిన కదురును మా అమ్మయే సరిచేసికొనెడిది. ఏ మగవానినీ పిలువలేదు. దరఖాస్తు పెట్టనిమ్ము" అనిరి. పిల్ల ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చదువుచున్నది.

సోదరీమణులారా, తెగిన ఫ్యూజునకు బదులు లావుతీగ వేయనీయకుడు. నేడు పెక్కిండ్లలో తనంత తానే పడిపోవు స్విచ్చి యున్నది. అది మాటిమాటికి పడుచుండగా కారణము వెదకక పైకెత్తుటయు నిట్టి తప్పిదమే. ముందు మెయిను ఆర్పుడు, పిదప పనివానిని పిలువుడు. అతడు వచ్చినప్పుడు తొలగిపోక, ప్రక్కన నిలిచి, ఏది యేల అరిగినదో అడుగుడు. మీ అమ్మాయిని కూడ ప్రక్కన నిలుపుకొనుడు.